గుణవృక్షానికి వేళ్ళెక్కడ?

అమరకోశంలో తెరచాపకొయ్యకు గుణవృక్షకమని ఒక పేరున్నది. చిన్నతనాన మా తాతగారు వల్లె వేయించే రోజులలో గుణమంటే మంచితనమనే అనుకొని, ఓడ నడుమ నిలిచిన ఆ మానుకు అంత సద్గుణమేమున్నదా అని ఆశ్చర్యపోయేవాణ్ణి. గుణమంటే తాడు అనే అర్థంకూడ ఉన్నదనీ, వింటినారికి గుణమని పేరు అందుకే కలిగినదనీ తరువాత తెలిసినది. తాళ్ళతో నిలిచే చెట్టు గుణవృక్షం. ఆ మాట పుట్టించినవారెవరోగాని ఓడను దగ్గరనుండి చూసినవారై ఉండవలెను. చెట్టు తన వేళ్ళమీద నిలుస్తుంది. ఓడకొయ్యకు వేళ్ళు లేవు. దానిని నాలుగు దిక్కులకూ లాగిపట్టిన మోకులే దానికి వేళ్ళు.

మరి ఆ మోకులు ఎక్కడ నాటుకొని ఉన్నవి? యాభైయేళ్ళు దాటినా ఈ ప్రశ్న నాకెన్నడూ తట్టలేదు. 2023 వేసవిలో నా పూర్వవిద్యార్థి ఒకడు దానిని నా ముందుంచినాడు. సమాధానం వెదికేటప్పుడు నేను తప్పు పక్షాన నిలబడినాను. ఉపాధ్యాయుడు తప్పు పక్షాన నిలబడిన సంగతిని మరుగుపరచడం న్యాయం కాదు గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అమెరికాలో మేరీలాండు రాష్ట్రాన, చెసపీక్ అఖాతం ఒడ్డున అనాపొలిస్ అనే పట్టణమున్నది. తెరచాప పడవలకు పేరుపొందిన ఊరు. వేసవి సెలవులలో మా అమ్మాయిని చూడబోయినప్పుడు ఈ విద్యార్థి నన్ను వెదుక్కొంటూ వచ్చినాడు. వీడు తాళ్ళరేవు ప్రాంతంవాడు. తాత కొయ్యనావలు కట్టిన వడ్రంగి. ఇప్పుడు అక్కడ ఇంజనీరుగా ఉద్యోగం చేసుకొంటూ, కూడబెట్టిన సొమ్ముతో ముప్ఫైరెండడుగుల పాత తెరచాప పడవ నొకదానిని కొన్నాడు. 1976లో కట్టిన పడవ. భార్యనూ పన్నెండేళ్ళ కూతురినీ వెంటబెట్టుకొని, అక్కడికి సుమారు 750 నాటికల్ మైళ్ళ దూరాన ఉన్న బెర్ముడా దీవులకు ఆ జూన్ నెలలోనే వెళ్ళిరావలెనని వాని సంకల్పం. సెలవు దొరికినది. సామాను చేరినది. కూతురు తన తరగతిలో అందరికీ చెప్పుకొన్నది. అట్టి సమయాన వానికి ఈ వేళ్ళను గురించిన అనుమానం పట్టుకొన్నది.

మోకులను పడవ దేహానికి పట్టించే లోహపు పట్టీని ఇంగ్లీషులో చెయిన్‌ప్లేటు అంటారు. గొలుసుపలక అని తెనిగించవచ్చునుగాని, చూడబోతే అందులో గొలుసు లేదు. పూర్వపు కొయ్య ఓడలలో ఈ మోకుల కింది కొసలను ఇనుపగొలుసులతో ఓడ పక్కలకు బిగించేవారు. గొలుసులు పోయి పట్టీలు వచ్చినా పాత పేరు పోలేదు. వస్తువు పోయిన తరువాతకూడ మాట మిగిలి ఉండడం భాషలో కొత్త సంగతి కాదు.

మా వాని పడవలో ఇట్టి పట్టీలు పక్కకు మూడు చొప్పున ఆరున్నవి. ఒక్కొక్కటి ఒకటిన్నర అంగుళం వెడల్పు, పావంగుళం మందం, జానెడున్నర పొడవు. అందులో పైకొస నాలుగంగుళాలు మాత్రమే డెక్కుమీద కనబడుతుంది. దాని రంధ్రంలో ఒక చీల. ఆ చీలకు ఉక్కుమోకు తగులుకొని ఉంటుంది. మిగిలిన భాగం డెక్కులోని సన్నని చీలికగుండా లోపలికి దిగి, గది అడ్డుగోడకు బోల్టులతో బిగించి ఉంటుంది. గాలి తెరచాపను తోసినప్పుడు ఆ ఒత్తిడి మోకుకూ, మోకునుండి పట్టీకీ, పట్టీనుండి బోల్టులకూ, బోల్టులనుండి పడవ దేహానికీ చేరుతుంది. ఈ వరుసలో ఒక్కటి తెగినదంటే కొయ్య క్షణంలో కూలుతుంది. కూలిన కొయ్య తక్కిన మోకులకు తగులుకొని, అల లేచినప్పుడల్లా పడవ పక్కను గుద్దుతుంది. అది చిల్లు పొడవకముందే చీకటిలో, వానలో, ఊగే పడవమీద పాకుతూ మోకులన్నీ తెంచి కొయ్యను సముద్రానికి వదులుకోవలెను. ఇంత అనర్థం ఒక జానెడున్నర పట్టీలో దాగి ఉన్నది.

రేవులో ఉన్న పెద్దలు మా వాని అనుమానాన్ని మెచ్చలేదు. "నలభైయేడేళ్ళు నిలిచినవి, ఇప్పుడేమి వచ్చినది?" అన్నారొకరు. "ఉన్నదానిని కెలికితే డెక్కు కారడం మొదలవుతుంది" అన్నారు మరొకరు. నేనుకూడ వంగి చూసినాను. ఆరు పట్టీలూ స్టెయిన్‌లెస్ స్టీలువే. అందులో ఎడమవైపు నడిమిది అద్దంలాగా నిగనిగలాడుతున్నది. మునుపటి యజమాని దానిని ప్రేమతో రుద్ది మెరుగుపెట్టినట్లున్నాడు. బయలుదేరే ముందు పిల్ల మనస్సు కష్టపెట్టడమెందుకని నాకు తోచినది.

"తుప్పు జాడైనా లేదుగదా నాయనా. వచ్చిన తరువాత చూసుకోరాదా?" అన్నాను.

"మాష్టారూ, మెరిసేది పైన నాలుగంగుళాలేనండీ. డెక్కు మందంలో ఇరుక్కున్న అంగుళం సంగతి నేనడుగుతున్నాను."

"అది మనకు కనబడదు గదా."

"అందుకే తీసి చూడాలంటున్నానండీ. నావ కొనేవాళ్ళు రంగు చూస్తూ నిలబడితే మా తాత నవ్వుకొనేవాడు. ఆయన ఉలి మొన తీసి పలకల చివర్లలో పొడిచి చూసేవాడు. మొన దిగితే ఆ పలక పోయినట్టే."

నాకు మరి మాట రాలేదు. తాత మాటకు ఎదురు చెప్పే వాదం నా దగ్గర లేదు.

ఇచ్చట ఆ లోహపు స్వభావం కొంచెం చెప్పవలెను. తుప్పు పట్టని ఉక్కును 1913లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరాన హారీ బ్రేర్లీ అనే ఆయన తయారుచేసినాడు. తుపాకి గొట్టాలు లోపల అరిగిపోకుండా ఏ మిశ్రమం వాడవలెనా అని పరిశోధిస్తూ ఉండగా అది దొరికినది. ఉక్కులో తగినంత క్రోమియం కలిపితే, దాని ఉపరితలంమీద కంటికి కనబడని పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొరే దానికి కవచం. గీత పడినా గాలిలోని ఆక్సిజన్ తగిలినంతలో పొర మళ్ళీ అల్లుకొంటుంది. మన ఇళ్ళలోని స్టీలు గిన్నెలు రోజూ తోమినా మెరుస్తూనే ఉండడానికి కారణమిదే. అయితే ఈ కవచం ఊపిరి ఆడినంతకాలమే బ్రతుకుతుంది. డెక్కు చీలికలో నింపిన జిగురు ఏళ్ళు గడిచి పగులుతుంది. ఆ పగులుగుండా ఉప్పునీరు దిగి, కదలక, ఆరక నిలిచిపోతుంది. అక్కడ ఆక్సిజన్ చొరదు. తెగిన పొర మళ్ళీ అల్లుకోదు. ఉప్పులోని క్లోరైడు లోహాన్ని సూదిమొనంత గుంటలుగా తొలుస్తుంది. మోకు లాగే లాగుడుకు ఆ గుంటలు పగుళ్ళవుతవి. మామూలు ఇనుమైతే తుప్పై ఉబ్బి, పొరలు రాలి, తన రోగాన్ని తానే చాటుకొంటుంది. ఈ ఉక్కు అట్లా చాటదు. చీలిక అంచున టీ ఒలికినట్లు ఒక గోధుమరంగు మరక, అదైనా కనబడితే మన అదృష్టం. మన ఇల్లాండ్రు ఇంటినిండా స్టీలు సామాను చేరినా ఆవకాయను జాడీలోనే పెడతారు. ఉప్పూ పులుపూ నిలవ ఉండే చోట మెరుపును నమ్మరాదని వారికి ఏ రసాయనశాస్త్రజ్ఞుడూ చెప్పలేదు.

మరునాడు పని మొదలైనది. గాలి లేని ఉదయాన, పడవను రేవుకు గట్టిగా కట్టి, తెరచాపనెత్తే మోకులను రెండింటిని కొయ్యకొననుండి దించి పడవ అంచున బిగించినాడు. తీసిన వేరుకు బదులుగా అవి కొయ్యను పట్టి ఉంటవి. అప్పుడు ఒక్క పట్టీని మాత్రం విప్పినాడు. చూడడమైన తరువాత దానిని తాత్కాలికంగా మళ్ళీ బిగించిగాని రెండవదానిని ముట్టలేదు. తొందరపడి ఒక పక్కవన్నీ ఊడదీసినవాడు కొయ్యను తానే కూల్చుకొంటాడు. లోపల అలమారాలు విప్పి, బల్ల తొలగించి, బోల్టులదాకా చేతిని పోనివ్వడానికే రెండు గంటలు పట్టినది. నేను దీపం పట్టుకొన్నాను, తరువాత స్పానరు పట్టుకొన్నాను. కొన్ని నట్లు కదలనని మొండికెత్తినవి. పట్టీ వెనుక అడ్డుగోడ ప్లైవుడ్డు నల్లబడి, గోరు పెడితే దిగినది.

ఒక్కొక్క పట్టీ బయటికి వచ్చినప్పుడల్లా దానిని శుభ్రంగా కడిగి, పదింతలు పెంచి చూపే భూతద్దంతో పరీక్షించినాము. తరువాత దానిమీద ఎర్రని ద్రవం చల్లినాడు. అది ఎంత సన్నని పగులులోనికైనా చొచ్చుకొనిపోతుందట. పావుగంట ఆగి, పైపైన తుడిచివేసి, తెల్లని పొడి పట్టించినాడు. పగులులో దాగిన ఎరుపు ఆ తెలుపులోనికి ఊరి పైకి వస్తుంది. నాలుగు పట్టీలు తెల్లగానే ఉన్నవి. అయిదవదానిలో బోల్టు రంధ్రంనుండి అంచుదాకా వెంట్రుకవంటి ఎర్రని గీత. ఆరవది, ఎడమవైపు నడిమిది, నేను మెచ్చుకొన్నది. సరిగా డెక్కు మందంలో ఇరుక్కొన్న అంగుళంలో, అడ్డంగా, కత్తితో కోసినట్లు ఎర్రగీత తేలినది.

ఆ పట్టీని చోట కొత్తది చేయించి బిగించిన తరువాత, పాతదానిని పట్టకారలో బిగించి సుత్తితో రెండు దెబ్బలు వేసినాడు. విరిగిపోయినది. విరిగిన ముఖం నాకు చూపినాడు. సగానికి మించి మట్టిరంగు, అది ఏనాడో తెగిపోయిన భాగం. మిగిలిన కొద్దిభాగం అప్పుడే తెగిన వెండివలె మెరుస్తున్నది. భార్యాబిడ్డలతో సముద్రంమీదికి పోదలచినవాని కొయ్యను ఆ వైపున పట్టి నిలిపినది ఆ కొద్దిపాటి తెలుపే. వచ్చిన తరువాత చూసుకోరాదా అని నేనన్న మాట నా చెవులకే వినబడినది.

ఇక నా అభిప్రాయం చెప్పవలెను. పాత పడవలో చెయిన్‌ప్లేటును ఉన్నచోటనే ఉంచి చూడడం పరీక్ష కాదు. పైకొసను తట్టవచ్చును, అద్దం పెట్టి వంగి చూడవచ్చును, మరకలు వెదకవచ్చును. ఇవన్నీ అనుమానం కలిగించగలవుగాని అభయమివ్వలేవు. తీసి చూడవలసినదే. తీసిన తరువాత, పడవ వయస్సు రెండు మూడు దశాబ్దాలు దాటి ఉంటే, బాగున్నవాటినికూడ మార్చడమే వివేకం. ఈ పనిలో ఖర్చంతా తీయడంలోనూ మళ్ళీ బిగించడంలోనూ ఉన్నది. లోహం ఖరీదు దానిముందు స్వల్పం. ఎర్రని ద్రవం ఉపరితలానికి తెరచుకొన్న పగులును మాత్రమే చూపుతుంది. పైగా ఆరూ ఒకే వయస్సువి, ఒకే బరువు మోసినవి. మా వాడు ఆరింటినీ, వాటి బోల్టులతోసహా మార్చినాడు. ఉక్కులో రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసి ఉప్పుకు మరికొంత ఓర్చుకొనే 316 రకాన్ని తీసుకొని, పాతవాటి కొలతలకు కోయించి, అంచులు నున్నజేసి, గీతలు లేకుండా మెరుగుపెట్టించినాడు. కుళ్ళిన ప్లైవుడ్డును కోసివేసి కొత్తది అమర్చినాడు. డెక్కు చీలిక చుట్టూ నానిన చెక్కను తవ్వి, ఎపాక్సీ నింపి, అందులో మళ్ళీ చీలిక కోసి, ఎన్నేళ్ళకూ గట్టిపడని బ్యూటైల్ పట్టీతో సీలు వేసినాడు.

మెరుపు అవసరం లేదని నేననడం లేదు. గీతలు లేని నునుపుమీద గుంటలు పడడం ఆలస్యమవుతుంది. కాని మెరుగు పెట్టవలసినది లోపలికి పోయే భాగానికి. మునుపటి యజమాని బయటిదానిని రుద్దినాడు. లోపలిది అతని కంటికి ఆనలేదు. కొందరు ఈ పట్టీలను పడవ బయటి పక్కలకే బిగించుకొంటారు. అవి అందంగా ఉండవని ఒక ఆక్షేపణ ఉన్నది. నాకుమాత్రం అవే అందంగా కనబడుతున్నవి. బరువు మోసేది పదిమందికీ కనబడేచోట ఉంటే దాని యోగక్షేమాలు అడిగేవారుంటారు.

రేవులోని పెద్దల మాటలో నిజం లేకపోలేదు. అఖాతంలో పిల్లగాలికి సాయంకాలం తిరిగివచ్చే పడవకు, మహాసముద్రం దాటే పడవకున్నంత ప్రమాదం లేదు. చేతకానివాడు విప్పి సరిగా సీలు వేయకపోతే కొత్తగా నీరు దిగుతుందన్నదీ సత్యమే. అయితే, ఇన్నాళ్ళు నిలిచినది గనుక ఇకముందూ నిలుస్తుందనే వాదమున్నదే, అది మాత్రం తర్కానికి నిలువదు. నలభైయేడేళ్ళు మోసినదన్న మాట దాని బలానికి సాక్ష్యమెట్లా అవుతుంది? అది దాని అలసటకు సాక్ష్యం.

ఈ సంగతి ఎరిగిన నావికులు ప్రపంచంలో ఉన్నారు. 2018 జూలై 1న ఫ్రాన్సులోని లె సాబ్ల్ దొలోన్ రేవునుండి, ఒంటరిగా ఎక్కడా ఆగక భూమిని చుట్టివచ్చే గోల్డెన్ గ్లోబ్ పందెం బయలుదేరినది. 1988కి ముందు రూపొందిన నమూనా పడవలకే అందులో ప్రవేశం. మన నౌకాదళాధికారి అభిలాష్ టోమీ పడవను సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రపు దక్షిణభాగాన తుపాను బోర్లించి కొయ్య విరిచినది. వెన్నెముకకు దెబ్బతగిలి పడి ఉన్న ఆయనను మూడు రోజుల తరువాత రక్షించినారు. అట్టి తుపానుకు ఎంత సంరక్షణ చేసినా చాలకపోవచ్చును. అందుకు ఎవరినీ తప్పుపట్టరాదు. ఆ పందెంలోనే జాన్-లూక్ వాన్ డెన్ హీడ్ పడవకూడ నవంబరులో తలకిందులై, కింది మోకులను కొయ్యకు పట్టించే బోల్టు కొయ్యను చీల్చుకొని జారినది. డెబ్బైమూడేళ్ళ ఆయన నడిసముద్రంలో కొయ్య నెక్కి దిగి, మళ్ళీ ఎక్కి, ఆ పట్టును బాగుచేసుకొని, 2019 జనవరి 29న అందరికన్న ముందు రేవు చేరినాడు. ఆయన ఒకప్పుడు గణితోపాధ్యాయుడని తెలిసి నాకు సంతోషం కలిగినది. అభిలాష్ టోమీ 2022లో మళ్ళీ అదే పందేనికి వెళ్ళి, 2023 ఏప్రిల్ 29న రెండవవాడుగా తిరిగివచ్చినాడు.

మన ఆడపిల్లలుకూడ ఈ విద్యలో వెనుకబడలేదు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి తారిణి అనే తెరచాప నౌకలో భూప్రదక్షిణకు బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన ఆరుగురు నౌకాదళాధికారిణులలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య ఉన్నారు. స్వాగతాలనూ పూలమాలలనూ మనం పత్రికలలో చూసినాము. 254 దినాలలో ఎన్ని చీలలను, ఎన్ని మోకులను చేతితో తడిమి చూసుకొని ఉంటారో ఏ ఛాయాచిత్రంలోనూ కనబడదు. మన దేశంలో ప్రారంభోత్సవాలకున్న శోభ సంరక్షణకు లేదు. గుడి కట్టించినవాని పేరు శాసనంలో ఉంటుంది. ఏటేటా గోపురంమీది రావిమొక్కను పెరికినవాని పేరు ఎక్కడ ఉంటుంది? అయినా పెద్దలు జీర్ణోద్ధరణ అని ఒక గొప్ప మాటను మనకు ఇచ్చిపోయినారు. జీర్ణమైనదానిని పైకెత్తడం. అది చేతులతో చేసే పని.

పరీక్ష అనే మాటనుకూడ ఒకసారి విప్పి చూడవలెను. పరి అంటే చుట్టూ, ఈక్షించడమంటే చూడడం. చుట్టూ చూసినప్పుడే అది పరీక్ష. బడులలోనూ కళాశాలలలోనూ మనం జరిపే పరీక్షలలో ఎన్ని ఆ పేరుకు తగినవి? మూడు గంటలలో పిల్లవాడు వ్రాసి ఇచ్చినది డెక్కుమీది నాలుగంగుళాలు. చక్కని దస్తూరీని, తడుముకోని జవాబును చూసి మార్కులు వేసి, వీడికి ఢోకా లేదనుకొంటాము. ముప్ఫైయేళ్ళ బోధనలో ఎందరు మెరిసే పిల్లలను నేనట్లా అడగకుండా పంపించినానో తలచుకొంటే దిగులు వేస్తుంది. అందరినీ విప్పి చూడడం మన తరం కాదు. పైగా అది ప్రేమతో, ప్రశాంతంగా ఉన్నవేళ, పిల్లవానికి ఆసరా చూపి చేయవలసిన పని. కాని మెరుస్తున్నది గనుక అడగనక్కరలేదనే మాట మాత్రం ఉపాధ్యాయుని నోట రాకూడదు.

ఆ ఏడు మా వాడు బెర్ముడా వెళ్ళలేదు. పని ముగిసేసరికి జూలై సగం గడిచినది. తుపానుల కాలం దగ్గరపడినది. కూతురు రెండు రోజులు తండ్రితో మాటలాడలేదు. మూడవనాడు విరిగిన పట్టీ ముక్కలను చేతిలోనికి తీసుకొని చాలసేపు చూసి, కొత్త బోల్టులు బిగించడానికి తానే స్పానరు పట్టుకొన్నదట. మరుసటి సంవత్సరం జూన్‌లో ముగ్గురూ వెళ్ళి క్షేమంగా తిరిగివచ్చినారు.

ఆ రెండు ముక్కలూ ఇప్పుడు నా బల్లమీద ఉన్నవి. కొత్త తరగతి చేరినప్పుడు పైముక్కను, విరిగిన వైపు రుమాలు చుట్టి, పిల్లల చేతులకిస్తాను. ఇది ఎట్లా ఉన్నదని అడుగుతాను. "కొత్తదండీ" అంటారు. మొన్న ఆషాఢంలో మాత్రం వెనుకబల్లమీది అమ్మాయి ఒకతె దానిని అటూ ఇటూ తిప్పి, "రుమాలు తీయొచ్చాండీ?" అన్నది.